టైపు చేస్తున్నా ఖాళీయేనట!

ప్రశ్న: సార్, అమీర్‌పేటలో ఓ కోచింగ్ సెంటర్ ల్యాబ్ చూసుకుంటాను. ఉబుంటు సిస్టమ్స్ 24 ఉన్నాయి. గంటసేపు ఎవరూ ముట్టుకోకపోతే ఆఫ్ అయ్యేలా, ఎవరు లాగిన్ అయ్యారో చెప్పే ‘డబ్ల్యూ’ కమాండ్ చూపే ఐడిల్ టైమ్‌ని (ఎంతసేపుగా ఖాళీయో) బట్టి స్క్రిప్ట్ రాశాను. తీరా చూస్తే, ప్రోగ్రామ్ టైపు చేస్తున్న పిల్లల సిస్టమ్స్ కూడా ఆఫ్ అయిపోతున్నాయి. తిట్లు నాకు పడుతున్నాయి. తప్పెక్కడ?

జవాబు: స్క్రిప్ట్‌ని ఏమీ అనకండి. దానికి తప్పుడు సాక్ష్యం చెప్పింది ‘డబ్ల్యూ’. అది మనిషిని చూడదు, టెర్మినల్ ఫైల్‌ని చూస్తుంది. లాగిన్ అయిన టెర్మినల్‌ని, అంటే టీటీవై2 లాంటిదాన్ని, చివరిసారి ఎప్పుడు చదివారో చూసి, అప్పటినుంచీ ఖాళీయే అని లెక్క కట్టేస్తుంది. నల్ల తెర మీద కమాండ్లు కొట్టిన రోజుల్లో ఈ లెక్క సరిపోయేది. కొట్టిన ప్రతి అక్షరం ఆ ఫైల్ గుండానే వెళ్లేది కదా! గ్రాఫికల్ డెస్క్‌టాప్‌లో అలా కాదు. కీబోర్డు, మౌస్ కబుర్లను తెర మీద బొమ్మ చూపే ప్రోగ్రామ్, అంటే వేలాండ్ కంపోజిటరో ఎక్స్ సర్వరో, కర్నెల్ (సిస్టమ్ గుండెకాయ) ఇన్‌పుట్ డివైస్‌ల నుంచి నేరుగా అందుకుంటుంది. టీటీవై2 జోలికి ఎవరూ పోరు. 9 గంటలకు లాగిన్ అయిన అమ్మాయి 11 దాకా తల ఎత్తకుండా టైపు చేసినా, ‘డబ్ల్యూ’ లెక్కలో సుమారు రెండు గంటలుగా ఖాళీ. పెరటి తలుపు నుంచి రాకపోకలు సాగుతుంటే, వీధి తలుపు తాళం చూసి ఇంట్లో ఎవరూ లేరన్నట్టు. ఒకప్పుడు ‘డబ్ల్యూ’ ఎక్స్ సర్వర్ సెషన్లకు ఐడిల్ గడిలో రెండు ప్రశ్నార్థకాల మధ్య ‘ఎక్స్‌డీఎం’ అని చూపించి చేతులెత్తేసేది. నన్నడిగితే అదే నయం.

‘లాగిన్‌సీటీఎల్ లిస్ట్-సెషన్స్’ కొట్టి సెషన్ నంబర్ తెలుసుకోండి. ఆ నంబర్‌ని ‘లాగిన్‌సీటీఎల్ షో-సెషన్’కి ఇస్తే సెషన్ ఖాళీయా కాదా చెప్పే ‘ఐడిల్‌హింట్’ అని ఒక లైన్ వస్తుంది. గ్రాఫికల్ సెషన్‌లో ఆ మాట చెప్పేది డెస్క్‌టాపే కాబట్టి నమ్మొచ్చు.

అసలు మీకు స్క్రిప్టే అక్కర్లేదు. ఈటీసీ ఫోల్డర్‌లోని సిస్టమ్‌డీ ఫోల్డర్‌లో ఉన్న లాగిన్‌డీ కాన్ఫ్ ఫైల్ తెరిచి, ‘ఐడిల్‌యాక్షన్’ని (ఖాళీ అయితే ఏం చేయాలో) పవర్‌ఆఫ్‌గా, ‘ఐడిల్‌యాక్షన్‌సెక్’ని (ఎంతసేపు ఆగి చేయాలో) 45 నిమిషాలుగా మార్చండి. ఆ లైన్ల ముందున్న హ్యాష్ గుర్తు తీసేయడం మరచిపోవద్దు. ఒక మెలిక ఉంది: స్క్రీన్ బ్లాంక్ (తెర నల్లబడే) గడువు దాటాకే ఉబుంటు డెస్క్‌టాప్ అయిన గ్నోమ్ ‘ఖాళీ’ అని కబురు పంపుతుంది. సెట్టింగ్స్‌లో అది ‘నెవర్’ అని ఉంటే మీ సిస్టమ్ తెల్లారేదాకా వెలుగుతూనే ఉంటుంది. 15 నిమిషాలు పెట్టండి. 15, 45 కలిపి మీరడిగిన గంట.

పెద్ద బిల్డ్ (కోడ్‌ని ప్రోగ్రామ్‌గా మార్చే పని) ఒకటి మొదలుపెట్టి ఇరానీ చాయ్‌కి వెళ్లే పిల్లలు మీ దగ్గరా ఉండే ఉంటారు. వాళ్లను ఆ కమాండ్ ముందు ‘సిస్టమ్‌డీ-ఇన్‌హిబిట్’ తగిలించమనండి. పని నడుస్తున్నంతసేపు సిస్టమ్ ఖాళీ కింద లెక్కకు రాదు. మార్పులన్నీ అయ్యాక ఒకసారి రీబూట్ చేయండి, అదీ క్లాసు లేని టైమ్‌లో.