ప్రతి గీతకూ ఒక వాక్యం

చిరంజీవి కన్నాకు,
పిన్ని ఆశీస్సులు.

తత్వశాస్త్ర గ్రంథాల్లో ఏ భావానికి ఏ భావంతో సంబంధం ఉందో ఏఐతో గీయించి నువ్వు పంపిన నెట్‌వర్క్ బొమ్మ చూశాను. వందల కొద్దీ చుక్కలు, వాటి మధ్య సాలెగూడు లాంటి గీతలు, నడుమ ఎర్రగా "సత్యం" అని ఒక పెద్ద చుక్క. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. కానీ "సత్యం" నుంచి "స్వేచ్ఛ"కు పోయే ఆ లావుపాటి గీత ఎందుకుందిరా అని ఫోన్లో అడిగితే "ఏఐ ఇచ్చింది పిన్నీ" అన్నావు. అందుకే ఈ ఉత్తరం.

ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి అన్నది నీ మొదటి ప్రశ్న. అది ఆఖర్న చూసుకోవచ్చు. ఇలాంటి బొమ్మలు గీసే గెఫీ లాంటిది ఉచితంగానే దొరుకుతుంది, కొద్ది రోజుల్లో చేయి తిరుగుతుంది. ముందు తేల్చుకోవాల్సింది, నీ బొమ్మలో గీత అంటే ఏమిటి? రెండు మాటలు ఒకే పేరాలో కనబడితే గీస్తావా? వాటి అర్థాలు దగ్గరగా ఉన్నాయని ఏఐ మోడల్ లెక్కగడితే గీస్తావా? ఒకదానికి ఇంకొకటి ఆధారమని రచయితే చెప్తే గీస్తావా? ఇవి మూడు వేర్వేరు బొమ్మలు. నీ దాంట్లో మూడూ కలగాపులగం అయ్యాయని నా అనుమానం.

రెండో రకంతో బాగా జాగ్రత్త. మాటల్ని అంకెలుగా మార్చి పోల్చే వర్డ్‌టువెక్ 2013లో వచ్చింది, అది మొదలుకొని ఈ పద్ధతులన్నీ మాట అర్థాన్ని దాని ఇరుగుపొరుగు మాటల నుంచే పట్టుకుంటాయి. దాంతో "నిత్యం", "అనిత్యం" రెండూ పక్కపక్కనే కూర్చుంటాయి, ఒకే రకం వాక్యాల్లో తిరుగుతాయి కాబట్టి. వేరే పనులకైతే పర్లేదు. తత్వశాస్త్రంలో గొడవంతా ఆ "అ" దగ్గరే కదా! పైగా గూగుల్ అప్పట్లో బయటికిచ్చిన వర్డ్‌టువెక్ మోడల్ సుమారు 10,000 కోట్ల పదాల వార్తల మీద నేర్చుకున్నది. అలాంటి దాన్ని తెచ్చి పాత గ్రంథం మీద పెడితే, అది ఆ మాటల్ని పేపరు చదివేవాడి చెవితో వింటుంది.

నాకు తగిలిన దెబ్బ ఒకటి చెప్తాను. ప్లేటో "రిపబ్లిక్" మీద నేను చేసిన మొదటి నెట్‌వర్క్‌లో "న్యాయం" పక్కన "బలవంతుడి లాభం" గట్టిగా అతుక్కుని వచ్చింది. ఏదో కనిపెట్టేశాననుకుని ఒక సెమినార్లో చూపించాను. వెనక వరుసలోంచి ఒకాయన లేచి, "అమ్మా, అది ఆ పుస్తకంలో సోక్రటీస్‌తో వాదించే త్రాసిమకస్ అన్న మాట. దాన్ని ఆయన ఖండిస్తాడు" అన్నాడు. ఆ సాయంత్రం నాకు భోజనం సయించలేదు. నిజానికి అది మొదటి భాగంలోనే ఉంది. నేను పుస్తకం చదవకుండా బొమ్మ చదివాను.

మన గ్రంథాల్లో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. పూర్వపక్షం, అంటే ఎదుటివాడి వాదన, ముందు చెప్పకుండా తమ సిద్ధాంతానికి వెళ్లరు కదా. అన్నీ శూన్యమే, అంటే దేనికీ సొంత స్వభావం లేదు అన్న బౌద్ధ తాత్వికుడు నాగార్జునుడి "విగ్రహవ్యావర్తని" తీసుకో. 70 కారికల్లో (శ్లోకాల్లో) మొదటి 20 ప్రతివాది అభ్యంతరాలే. వాటిని విడదీయకుండా మోడల్‌కి ఇచ్చావంటే, శూన్యతను కాదన్న మాటలు కూడా ఆయన ఖాతాలోనే పడతాయి. కాబట్టి ప్రతి వాక్యం పక్కనా ఇది ఎవరి మాట అని ఒక కాలమ్ పెట్టు. దీన్ని చేత్తోనే చెయ్యి. విసుగొస్తుంది, అయినా చెయ్యి. నేనైతే మొత్తం పనిలో సగం టైమ్ దీనికే పెడతాను.

ఇక చుక్కల సంగతి. "ధర్మం" అని ఒకే చుక్క పెట్టావు. మీమాంసలో అది వేదం విధించిన కర్తవ్యం. బౌద్ధ అభిధర్మంలో అనుభవాన్ని విడగొడితే మిగిలే మూలాంశం. జైనుల దగ్గరైతే కదలికకు తోడ్పడే ఒక ద్రవ్యం! మూడింటినీ ఒకే చుక్కలో కుక్కితే అది సహజంగానే నడిమధ్యకు వస్తుంది. అప్పుడు "ధర్మమే కేంద్రం" అని రాసేస్తావు. అనువాదాలతో ఇదే తంటా తిరగబడి వస్తుంది. గ్రీకులో "లోగోస్" ఒకటే, అనువాదంలో ఒకచోట మాట, ఒకచోట హేతువు, ఇంకోచోట లెక్క. ఒక చుక్క మూడు చుక్కలైపోతుంది. మూలభాష రాకపోతే, వచ్చినవాళ్లని పక్కన కూర్చోబెట్టుకో.

"లో", "కి" లాంటి చిన్న మాటల్ని, అదే స్టాప్‌వర్డ్స్‌ని, ఏరి పారేశానన్నావు చూడు, అక్కడ నాకు గుండె గుభేల్‌మంది. రొబెర్తో బూసా అనే జెసూట్ ఫాదర్ 1940లలో మధ్యయుగపు క్రైస్తవ తాత్వికుడు థామస్ అక్వినాస్ రచనల్లో "సన్నిధి" అనే భావం కోసం వెతికాడు. ఆ పేరున్న మాటల్లో పెద్దగా ఏమీ దొరకలేదు. భావమంతా లాటిన్ "ఇన్" అనే చిన్న మాట చుట్టూ తిరుగుతోందని తేలింది. మన "లో" అన్నమాట. దాని కోసం చేత్తో 10,000 కార్డులు రాశాడు. తర్వాత 1949లో ఐబీఎమ్ సాయం అడిగి, ఆ పనిని 56 సంపుటాల పదసూచిక దాకా తీసుకెళ్లాడు. ఆయనే నీలాగా స్టాప్‌వర్డ్స్ తీసేసి ఉంటే? తెలుగులో అయితే "లో" విడి మాట కూడా కాదు, పదాన్ని మూలరూపానికి తెచ్చేటప్పుడే ఊడిపోతుంది.

మోడల్‌ని ఎంతవరకు నమ్మాలో తెలుసుకోవడానికి నేను చేసే పరీక్షలు రెండున్నాయి. మొదటిది, తాత్వికుడు స్పినోజా పుస్తకంతో. ఆయన "ఎథిక్స్" 1677లో వచ్చింది. జ్యామితి పద్ధతిలో రాశాడు కాబట్టి ఏ ప్రతిపాదన దేని మీద నిలబడిందో ఆయనే చెప్తాడు. మొదటి భాగంలో 14వ ప్రతిపాదన, దేవుడు తప్ప వేరే ద్రవ్యం (తనంతట తానే ఉండగలిగేది) లేదన్నది. దాని నిరూపణలో 6వ నిర్వచనాన్నీ, 5, 11 ప్రతిపాదనల్నీ పేరుపెట్టి చూపిస్తాడు. అంటే నెట్‌వర్క్ రచయితే గీసి ఇచ్చాడు. ఆ సూచనలన్నీ చెరిపేసి, ఏది దేనికి ఆధారమో ఏఐని గీయమను. తర్వాత అసలుతో పోల్చు. ఎక్కడ తప్పుతుందో చూస్తే దాని నడక నీకు అర్థమవుతుంది.

అయితే ఇలాంటి పేరున్న పుస్తకం మీద మోడల్ చదువుకుని వచ్చిన పిల్లాడే. గైడ్లన్నీ ముందే మింగి ఉంటుంది. అందుకే రెండో పరీక్ష. "ద్రవ్యం" ఉన్నచోటల్లా "గమ్మి" అనో ఏదో అర్థం లేని మాట పెట్టు, మిగతా పరిభాషకీ అలాగే, తెలిసిన పేర్లూ తీసెయ్. అప్పుడూ అవే గీతలు వస్తే చాలావరకు వచనం నుంచే వచ్చాయనుకోవచ్చు. మారిపోతే, అది వినికిడి మీద గీసిందన్నమాట.

ఈసారి బొమ్మ పంపకు. నీ గీతల్లోంచి 30 తీయి. నీకు నచ్చినవి కాదు, కంప్యూటర్ ఎటుపడితే అటు తీసినవి. ఒక్కో దాని పక్కన మూలవాక్యం, అది ఎక్కడుంది, ఎవరి మాట, అవునంటున్నాడా కాదంటున్నాడా, ఇవి రాసి స్ప్రెడ్‌షీట్ పంపు. వాక్యం దొరకని గీతల్ని తుడిచెయ్యకు, ఎర్రరంగు వేసి ఉంచు. నేను ముందు వాటినే చూస్తాను.

నీ పిన్ని