అంతర్వేది నల్ల ఇసుక: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: కిందటేడు అంతర్వేదిలో మామూలు ఇసుకే చూశాం. మొన్న మా తోడికోడలు పంపిన ఫొటోల్లో నల్ల చారలు, వాటి పక్కన వంగపండు రంగు మరకలు ఉన్నాయి. చమురు తెట్టా? పిల్లలతో ఎప్పుడు వెళ్లొచ్చు?
– ఒక పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: చారలుగా పరుచుకుందంటే ఇసుకే అయ్యుంటుంది. వెళ్లాక వేళ్లతో నలపండి. చమురైతే జిడ్డుగా అంటుకుంటుంది, బురదైతే మరక పడుతుంది. ఇసుక తళతళలాడుతూ రాలిపోతుంది, చేతికి బరువుగా తెలుస్తుంది. నల్లవి ఇల్మనైట్, మాగ్నటైట్ అనే ఇనుము కలిసిన ఖనిజాల రేణువులు. వంగపండు రంగుది గార్నెట్ అనే ఖనిజం. దక్కను నల్లరాళ్ల నుంచీ తూర్పు కనుమల నుంచీ గోదావరి మోసుకొచ్చినవే. మామూలు ఇసుక నీటికి 2.65 రెట్లు బరువైతే గార్నెట్ సుమారు 4, ఇల్మనైట్ 4.7 రెట్లు. అల అన్నిటినీ ఒడ్డుకు తోస్తుంది. వెనక్కి జారేటప్పుడు బలం చాలక తేలికవాటినే ఈడ్చుకుపోతుంది. అందుకే పెద్ద అలలు తీరాన్ని కోశాక నలుపు బయటపడుతుంది, సముద్రం నెమ్మదించాక తెల్ల ఇసుక మళ్లీ కప్పేస్తుంది.

కాబట్టి తుఫాను హెచ్చరికలు ఎత్తేశాక వెళ్లండి. ఆటు వేళ, అంటే సముద్రం వెనక్కి తగ్గే వేళ చూసుకోండి. అది రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. పైన నలుపు లేకపోతే పోటు గీత దగ్గర జానెడు లోతు తవ్వితే పొరలు కనిపించవచ్చు. నల్ల ఇసుక ఎండకు త్వరగా కాలుతుంది, పిల్లలకు చెప్పులు తీయకండి. నది కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర మాత్రం నీళ్లలో దించవద్దు: ఆటుకు నది నీరు సముద్రంలోకి బలంగా లాగుతుంది. భీష్మ ఏకాదశి కల్యాణం రోజుల్లో ఇసుక కోసం వెళ్లకండి, జనమే కనిపిస్తారు. మీకు చించినాడ వంతెన, మలికిపురం దారే నయం. నరసాపురం రేవులో గోదావరి దాటించే పంటు వరదకు ఆగిపోతుంది.

ప్రశ్న: ఆ ఇసుక సీసాలో తెచ్చుకోవచ్చా? అణుధార్మికత ఉందంటున్నారు.
– ఒక పాఠకుడు, నరసాపురం

జవాబు: తేకండి. ఇలాంటి ఇసుకలో అణుధార్మిక లోహం థోరియం ఉన్న మోనజైట్ అనే ఖనిజం కొద్దిగా కలిసి ఉంటుంది, అది అణు ఖనిజాల చట్టాల కిందికి వస్తుంది. ఒక పూట తిరిగొచ్చేవారు భయపడక్కర్లేదు. వేరుచేసి చూడాలంటే కొబ్బరిచిప్పలో గుప్పెడు ఇసుక, నీళ్లు పోసి బియ్యం గాలించినట్టు తిప్పండి. తెల్లది పైనుంచి పోతుంది, నల్లది అడుగున నిలుస్తుంది. పాత స్పీకరు అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి ఎండిన ఇసుక మీద తిప్పితే ఎగిరి అంటేది మాగ్నటైట్. ఇల్మనైట్ దానికి అంతగా లొంగదు. కవరు లేకపోతే రేణువులు వదలవు, అయస్కాంతం పాడైనట్టే.

ప్రశ్న: ఫొటోల్లో బూడిద రంగుగా వస్తోందేం?
– ఒక పాఠకురాలు, రాజోలు

జవాబు: నలుపును చీకటనుకుని ఫోను వెలుగు పెంచేస్తుంది. తెర మీద ఇసుకను తాకి, వచ్చే సూర్యుడి గుర్తును కొంచెం కిందికి లాగండి. తడిసిన ఇసుకనే తీయండి. ఆరితే రంగు వెలిసినట్టుంటుంది.