యాప్ పక్కనపెట్టి నేరుగా డబ్బు పంపొచ్చా? విశాఖలో నాలుగు రోజుల ఫ్లాటు

ప్రశ్న: దసరా సెలవుల్లో మేమూ మా తమ్ముడి కుటుంబమూ కలిసి వరంగల్ నుంచి విశాఖపట్నం వెళ్దామనుకుంటున్నాం. పెద్దలం ఆరుగురం, పిల్లలు ఇద్దరు. ఒక యాప్‌లో లాసన్స్ బే కాలనీలో మూడు బెడ్‌రూముల ఫ్లాటు నచ్చింది. రోజుకు 6,500 చొప్పున నాలుగు రాత్రులకు 26,000 రూపాయలు. ఫ్లాటు చూసుకునే ఆయనతో మాట్లాడితే, ‘యాప్‌లో వద్దు, నాకే ఫోన్‌పే చేయండి, 22,000కు ఇస్తాను. సగం ఇప్పుడు పంపండి, డిపాజిట్ 5,000 వేరే’ అంటున్నారు. మాకు తెలిసినవాళ్లను ఇలాగే ఒక అపార్టుమెంటు గేటు దగ్గర వాచ్‌మన్ ఆపేశాడట. డబ్బు పంపేముందు ఏం చూసుకోవాలి? తేడా వస్తే చట్టప్రకారం ఏం చేయొచ్చు? మా తమ్ముడి కూతురిది అమెరికా పాస్‌పోర్టు. దానివల్ల ఇబ్బంది ఉంటుందా?

జవాబు: నేరుగా పంపకండి. ఆ 4,000 తగ్గింపు కోసం మీరు ముందే 16,000 రూపాయలు, ఫోన్ నంబరు తప్ప ఇంకేమీ తెలియని మనిషి చేతిలో పెడుతున్నారు. నేరుగా చెల్లించినంత మాత్రాన మీ హక్కు పోదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో ‘సేవ’ అన్న నిర్వచనంలోనే బస కూడా ఉంది. కానీ హక్కును అమలు చేయించుకోవాలంటే నోటీసు పంపడానికి ఒక పేరు, ఒక చిరునామా కావాలి. చాలా ఫిర్యాదులు ఆగిపోయేది అక్కడే. ఫోన్‌పేలో కనిపించే పేరు, ఫ్లాటు యజమాని పేరు, తాళం ఇచ్చే మనిషి పేరు మూడూ వేరువేరుగా ఉంటాయి, ఆ ముగ్గురిలో బాధ్యుడెవరో తేలదు.

యాప్ ద్వారా చెల్లిస్తే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నిబంధనలు, 2020 ప్రకారం యాప్ సంస్థకు ఫిర్యాదుల అధికారి ఉండాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. బుకింగ్ అయ్యాక మీరు రాతపూర్వకంగా అడిగితే, ఇల్లు ఇచ్చినవారి చిరునామా, సంప్రదింపు వివరాలు యాప్ మీకు ఇవ్వాలని 5వ నిబంధన చెబుతోంది. ప్రకటనలో చెప్పిన లక్షణాలు సేవలో లేకపోతే, డబ్బు వాపసు ఇవ్వనని అమ్మకందారు అనడానికి వీల్లేదని 6వ నిబంధనలో ఉంది. యాప్ బయట లావాదేవీ జరిగితే ‘అది మా ద్వారా జరగలేదు’ అని సంస్థ చేతులు దులుపుకుంటుంది. ఆ మాటను ఖండించడం కష్టం.

జీఎస్టీ పేరుతోనూ చాలామందిని నేరుగా చెల్లించమంటారు. రోజు అద్దె 7,500 వరకు ఉన్న బసపై 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతమే పన్ను, అది దాటితే 18 శాతం. మీ లెక్కలో అది 1,300 రూపాయలు మాత్రమే. ఇల్లు ఇచ్చినవారికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకపోయినా, యాప్ ద్వారా జరిగిన బసకు పన్ను కట్టాల్సిన బాధ్యత యాప్‌దే. నేరుగా ఇచ్చేవారు మీ దగ్గర జీఎస్టీ వసూలు చేస్తున్నారంటే 15 అక్షరాల నంబరు అడగండి. ఆంధ్రప్రదేశ్‌లో తీసుకున్నదైతే 37తో మొదలవుతుంది. జీఎస్టీ పోర్టల్‌లో కొడితే ఎవరి పేరున ఉందో క్షణంలో తెలుస్తుంది. నంబరు లేనివారికి ఆ పన్ను వసూలు చేసే అధికారమే లేదు.

ఇక వాచ్‌మన్ సంగతి. మీ ప్రశ్నలో నిజంగా లోతైనది ఇదే, ఇల్లు ఎంచుకునేటప్పుడు ఎవరూ అడగనిదీ ఇదే. ఫోటోల్లో సముద్రం కనిపిస్తుందా లేదా అన్నది తర్వాత. ముందు, ఈ మనిషికి ఆ ఇల్లు మీకు ఇచ్చే హక్కు ఉందా అన్నది చూడాలి. సాధారణంగా మూడు రకాలవాళ్లు ఎదురవుతారు. మొదటివారు సొంత యజమాని. రెండో రకం, యజమాని దగ్గర నెలవారీ అద్దెకు తీసుకుని రోజువారీగా తిప్పే మనిషి. ఈయన అగ్రిమెంటులో ‘ఇతరులకు అద్దెకు ఇవ్వరాదు’ అన్న షరతు ఉండటం మామూలే. యజమానికి తెలిసిన రోజు మీరు మధ్యలో ఇరుక్కుంటారు. మూడో రకం, నాలుగైదు ఫ్లాట్లు చూసే మేనేజర్. మీతో మాట్లాడినది ఈయనే కావచ్చు. యజమాని ఇచ్చిన అనుమతి ఉంటే తప్పేమీ లేదు, కానీ ఆ అనుమతి కాగితం మీద ఉండాలి.

ఇల్లు ఇచ్చేది సొంత యజమానే అయినా అపార్టుమెంటు అసోసియేషన్ నిబంధనలు ఆయనను కట్టిపడేస్తాయి. రోజువారీ అద్దెలు నిషేధిస్తూ తీర్మానం చేసుకున్న అపార్టుమెంట్లు ఉన్నాయి. ఆ గొడవ యజమానికీ అసోసియేషన్‌కూ మధ్యది. మీరు గేటు దగ్గర వాచ్‌మన్‌తో వాదించి గెలిచేది లేదు. మీ క్లెయిము డబ్బు తీసుకున్నవారి మీదే. రోజుల లెక్కన తీసుకునే ఇల్లు చట్టం దృష్టిలో లీజు కాదు, లైసెన్సు, అంటే వాడుకోవడానికి ఇచ్చిన అనుమతి మాత్రమే. కాబట్టి అద్దెదారుడికి ఉండే రక్షణలు మీకు ఉండవు. అయితే, డబ్బు తీసుకుని ఇచ్చిన లైసెన్సులో, మీ తప్పు లేకుండా గడువుకు ముందే ఇచ్చినవారు ఖాళీ చేయిస్తే పరిహారం రాబట్టుకోవచ్చని ఈజ్‌మెంట్స్ చట్టం, 1882లోని 64వ సెక్షన్ చెబుతోంది.

అందుకని బుక్ చేసేముందు యాప్ చాట్‌లోనే ఈ సందేశం పంపండి. ‘పెద్దలు ఆరుగురు, పిల్లలు ఇద్దరు, నాలుగు రాత్రులు. మీరు యజమానా, అద్దెదారా, మేనేజరా? రోజువారీ బసకు అసోసియేషన్ అనుమతి ఉందా? మా పేర్లు గేటు రిజిస్టరులో ముందే రాయిస్తారా? లిఫ్టు, నీళ్లు, జనరేటరు, కారు పార్కింగు ఉన్నాయా? ఇంటి లోపల ఎక్కడైనా కెమెరా ఉందా? డిపాజిట్ ఎప్పటిలోగా, ఎలా తిరిగి ఇస్తారు?’ జవాబు ఫోన్‌లో చెబుతానంటే ఒప్పుకోకండి, రాతలో కావాలి. పిల్లలను లెక్కలోంచి తీసేసి ఆరుగురమని రాయడం పెద్ద పొరపాటు. చేరాక అదనపు మనుషులని ఆపినా, ఎక్కువ వసూలు చేసినా అప్పుడు తప్పు మీదే అవుతుంది.

యజమాని నిజమో కాదో చూడటానికి నాలుగు రోజుల బసకు రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఈసీ (ఆస్తి లావాదేవీల వివరాలు చూపే పత్రం) తీయించాల్సిన పని లేదు. ఇటీవలి కరెంటు బిల్లు ఫోటో అడగండి. దాని మీద పేరు, చిరునామా ఉంటాయి. వీడియో కాల్ చేసి రోడ్డు మీది నుంచి గేటు, లిఫ్టు, ఫ్లాటు తలుపు మీది నంబరు, బాల్కనీ వరకు ఆపకుండా చూపించమనండి. ఫోటోలు ఒక ఫ్లాటువి, తాళం ఇంకో ఫ్లాటుది అన్న మోసం ఈ ఒక్క పనితో బయటపడుతుంది. ‘హోమ్‌స్టే’ అన్న మాట చూసి ప్రభుత్వ గుర్తింపు ఉందనుకోకండి. కేంద్ర పర్యాటక శాఖ బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్, హోమ్‌స్టే పథకంలో యజమాని కుటుంబం అదే ఇంట్లో ఉండాలి, ఆరు గదులకు మించకూడదు. ఎవరూ ఉండని ఖాళీ ఫ్లాటు ఆ కోవలోకి రాదు.

దసరా అంటే విశాఖకు తుపాన్ల కాలం. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న. తుపానుకు ఇల్లే పాడైతే, లేదా అధికారులు ఆ ప్రాంతాన్ని ఖాళీ చేయిస్తే, కాంట్రాక్టు చట్టం 56, 65 సెక్షన్ల కింద ఒప్పందం రద్దయి, తీసుకున్న డబ్బు తిరిగి ఇవ్వాల్సి వస్తుంది. కానీ ఫ్లాటు బాగానే ఉండి మీ రైలు రద్దయితే ఆ సెక్షన్లు మీకు అక్కరకు రావు. అందుకే వాతావరణ హెచ్చరిక, రైలు రద్దు జరిగితే ఎంత వాపసు ఇస్తారో ముందే రాయించుకోండి, లేదా ఉచిత రద్దు ఉన్న ఇల్లే ఎంచుకోండి. ‘ఏ కారణానికైనా పైసా తిరిగి ఇవ్వం’ అన్న షరతు కూడా రాయిలో చెక్కినదేమీ కాదు. సహేతుకమైన పరిహారానికి మించి పట్టుకోవడాన్ని కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ఒప్పుకోదు. అయితే ఆ షరతునే ‘అన్యాయమైన ఒప్పందం’ అని నేరుగా సవాలు చేయాలంటే రాష్ట్ర వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి. జిల్లా కమిషన్‌లో సేవాలోపం, అనుచిత వ్యాపార పద్ధతి అన్న కోణంలోనే ఫిర్యాదు రాయాలి.

అమెరికా పాస్‌పోర్టు గురించి మీరు దాచాల్సిన పని లేదు, దాచకూడదు కూడా. విదేశీయులకు బస ఇచ్చేవారు 24 గంటల్లో ఆ సమాచారాన్ని ఆన్‌లైన్‌లో అధికారులకు పంపాలి. జనం దీన్నే ఫారం-సి అంటారు. బాధ్యత ఇల్లు ఇచ్చినవారిది. ముందే చెప్పి, పాస్‌పోర్టు, వీసా లేదా ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చేది) నకళ్లు సిద్ధంగా ఉంచండి. ‘అదేంటో నాకు తెలియదు’ అన్న జవాబు వస్తే ఆ ఇల్లు వదిలేయండి. మిగతావారి ఆధార్ నకలు ఇచ్చేటప్పుడు మొదటి ఎనిమిది అంకెలు కనిపించని మాస్క్‌డ్ ఆధార్ ఇస్తే చాలు.

చేరాక ఇల్లు చెప్పినట్టు లేకపోతే, సామాను విప్పేముందే వీడియో తీసి, లోపాలు ఒక్కొక్కటిగా యాప్ చాట్‌లో రాయండి. ఫిర్యాదుకు యాప్‌లు గంటల్లో గడువు పెడతాయి. ఎయిర్‌బీఎన్‌బీలో అది సమస్య కనిపించినప్పటి నుంచి 72 గంటలు. నాలుగు రాత్రులూ అక్కడే ఉండి చివరిరోజు మొత్తం వాపసు అడిగితే కమిషన్ కూడా సానుభూతి చూపదు. వేరే హోటలుకు మారితే ఆ బిల్లు తప్పక దాచండి, ఆ తేడా సొమ్ము కూడా అడగొచ్చు. గదిలో రహస్య కెమెరా దొరికితే దాన్ని ముట్టుకోకుండా 112కు ఫోన్ చేయండి. అది ఐటీ చట్టం 66ఇ కింద నేరం, స్త్రీలను చిత్రీకరిస్తే భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కూడా పడుతుంది.

ఆ చిరునామాలో అసలు ఫ్లాటే లేకపోతే అది సేవాలోపం కాదు, మోసం. న్యాయ సంహిత 318(4) కింద ఏడేళ్ల వరకు శిక్ష ఉంది. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి. డబ్బు ఇంకా ఆ ఖాతాలో ఉండగానే ఆపగలిగే అవకాశం ఆ మొదటి గంటల్లోనే.

మిగతా తగాదాలకు ముందు 1915, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తేలకపోతే ఈ-జాగృతి పోర్టల్‌లో జిల్లా కమిషన్‌కు ఫిర్యాదు. మీరు విశాఖ వెళ్లక్కర్లేదు, నివాసం ఉన్న జిల్లాలోనే వేయొచ్చని వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ చెబుతోంది. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు కాబట్టి రుసుము లేదు, లాయరు తప్పనిసరి కాదు, గడువు రెండేళ్లు. ఇల్లు ఇచ్చినవారినీ యాప్ సంస్థనూ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. ప్రకటన స్క్రీన్‌షాట్లు, చాట్, చెల్లింపు రసీదు, వీడియో జతచేసి, వాటితో ఎలక్ట్రానిక్ ఆధారాలకు జతచేసే భారతీయ సాక్ష్య అధినియం 63(4) ధ్రువపత్రం కూడా పెట్టండి. కమిషన్లు సాక్ష్య నియమాలను అంత కఠినంగా పాటించకపోయినా, అవతలివారికి అభ్యంతరం చెప్పే సందు ఉండదు. బుక్ చేసిన రోజే ప్రకటన మొత్తాన్ని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, ఎందుకంటే తగాదా మొదలైన మర్నాటికి ఆ పేజీలో ఫోటోలూ రాతా మారిపోవచ్చు.