నిఘా పరికరాలు అమ్మే విదేశీ కంపెనీలు ప్రభుత్వాల దగ్గర పలుకుబడి ఎలా సంపాదిస్తాయి?

మీరు రెండు సంగతులు అడిగారు: ఈ కంపెనీలు పరాయి ప్రభుత్వాల దగ్గర పలుకుబడి ఎలా తెచ్చుకుంటాయని, ఆ ప్రయత్నాలు సామాన్యుడి కంటపడతాయా అని. విజయనగరంలో పద్నాలుగేళ్లుగా సీసీ కెమెరాలు బిగించే వ్యాపారం చేస్తున్నాను కనుక, నేను దగ్గరగా చూసిన చిన్న ఉదంతంతో మొదలుపెడతాను.

మా పైడితల్లి సిరిమానోత్సవం అంతటిది కాదు గానీ, జిల్లాలో ఒక ఊరి జాతరకు కొన్నేళ్ల క్రితం ఒక విదేశీ కంపెనీ పంపిణీదారు ముఖాలు గుర్తుపట్టే కెమెరాలను పైసా తీసుకోకుండా పెట్టిస్తానని ముందుకు వచ్చాడు. స్తంభాలకు తీగలు లాగింది మా కుర్రాళ్లే. జాతర ముగిసినా వాటిని ఎవరూ విప్పలేదు. మరుసటి ఏడాది పిలిచిన టెండరులో, కొత్త కెమెరాలు ఇప్పటికే వాడుకలో ఉన్న సాఫ్ట్‌వేర్‌తో పనిచేయాలన్న షరతు ఒకటి కనిపించింది. ఆ ఒక్క వాక్యంతో నాబోటి వాళ్లందరం పోటీలో లేకుండా పోయాం. షరతులు రాసిన సలహాదారు పదవీ విరమణ చేసిన అధికారి అనీ, అప్పటికే ఆ పంపిణీదారు దగ్గర జీతానికి ఉన్నాడనీ తరువాత తెలిసింది. చేతులు మారిన డబ్బు నేను చూడలేదు, మారిందని అనను కూడా. నా ఉద్దేశంలో, షరతు రాసే కలం దగ్గర మనిషి ఉన్నాక లంచం అవసరమే రాదు.

పెద్ద ఎత్తున జరిగేదీ ఇంచుమించు ఇదే. చైనాకు చెందిన కెమెరాల కంపెనీ హిక్‌విజన్‌ను, ఆ దేశంలోని వీగర్ ముస్లింల అణచివేతలో దాని పరికరాల పాత్ర ఉందంటూ అమెరికా 2019 అక్టోబరులో వాణిజ్య ఆంక్షల జాబితాలో చేర్చింది. 2021 జనవరిలో ఆ కంపెనీ అమెరికా విభాగం తరపున మాజీ సెనేటర్ బార్బరా బాక్సర్ విదేశీ ఏజెంటుగా, అంటే ప్రభుత్వం దగ్గర విదేశీ కంపెనీ తరపున మాట్లాడే వ్యక్తిగా, నమోదు చేసుకున్నారు. అది బయటపడగానే బైడెన్ ప్రమాణ స్వీకార సంఘం ఆమె ఇచ్చిన 500 డాలర్ల విరాళాన్ని తిప్పి పంపింది, ఆమె కూడా ఆ పని నుంచి తప్పుకున్నారు. ఫోన్లలోకి చొరబడి నిఘా వేసే పెగసస్ సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసిన ఇజ్రాయెల్ సంస్థ ఎన్‌ఎస్‌ఓ 2021 నవంబరులో అదే జాబితాకెక్కింది. దాన్నుంచి బయటపడేందుకు అది వాషింగ్టన్‌లో న్యాయవాద సంస్థలను, ప్రచార సంస్థలను పెట్టుకుంది. 2023 నవంబరులో, గాజా యుద్ధం మొదలైన నెలకే, ఆ యుద్ధాన్నే కారణంగా చూపి అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి బ్లింకెన్‌తో అత్యవసర సమావేశం కోరుతూ దాని న్యాయవాదులు లేఖ రాశారు. పెగసస్‌ను ఏ దేశానికి అమ్మాలన్నా ఇజ్రాయెల్ రక్షణ శాఖ అనుమతి కావాలి కనుక, ఆ అమ్మకం దౌత్యంతో ముడిపడే ఉంటుంది.

ఇవన్నీ మనకు తెలియడానికి ఒక కారణం, విదేశీయుల తరపున అమెరికా ప్రభుత్వాన్ని ఒప్పించబోయేవారు తమ వివరాలను నమోదు చేసుకోవాలన్న 1938 నాటి చట్టం. ఆ పత్రాలను ఇక్కడ కూర్చునే ఇంటర్నెట్‌లో చదువుకోవచ్చు. మన దేశంలో అలాంటి చట్టం లేదు. అందుకే 2022 మార్చిలో, పెగసస్‌ను 25 కోట్ల రూపాయలకు అమ్మజూపుతూ తమ పోలీసుల దగ్గరకు వచ్చారని మమతా బెనర్జీ చెప్పినప్పుడు సరిచూసుకోవడానికి ఏ కాగితమూ లేకపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019కి ముందున్న చంద్రబాబు ప్రభుత్వం దాన్ని వాడిందని కూడా ఆమె అన్నారు. తెలుగుదేశం ఖండించింది, అప్పటి స్పీకరు, మన ఆమదాలవలసకు చెందిన తమ్మినేని సీతారాం, సభా సంఘాన్ని వేశారు. దేశంలో పెగసస్ వాడారన్న ఆరోపణలపై సుప్రీంకోర్టు వేసిన సాంకేతిక సంఘం 29 ఫోన్లు పరీక్షించి 5 ఫోన్లలో ఏదో మాల్‌వేర్ (హానికర సాఫ్ట్‌వేర్) ఉందని, అది పెగససేనని తేల్చలేమని చెప్పింది. కేంద్రం సహకరించలేదని కూడా తెలిపింది.

ఇక మీ రెండో ప్రశ్నకు వస్తే, గూఢచార విభాగాల కొనుగోళ్ల గురించి సమాచార హక్కు చట్టం కింద దాదాపు ఏమీ రాదు. మునిసిపాలిటీ, ఆలయం, రవాణా వంటి మామూలు శాఖల టెండర్ల విషయం వేరు. ధరలు అడిగితే వాణిజ్య రహస్యమని తోసిపుచ్చవచ్చు కనుక, టెండర్లు వేయకముందు కంపెనీలతో జరిపే ప్రీ-బిడ్ సమావేశం మినిట్స్ (అక్కడ జరిగిన చర్చ నమోదు), ఆ తరువాత వచ్చిన సవరణలు అడగండి. ఏ కంపెనీ ఏ షరతు మార్చమందో, ఏది మార్చారో వాటిలో తెలుస్తుంది. జాతర కెమెరాల టెండరు చేజారాక నేను 10 రూపాయలు కట్టి వాటినే అడిగాను. నెల దాటాక, అప్పీలు వేశాక, రెండు పేజీలు వచ్చాయి. సాఫ్ట్‌వేర్ షరతును సడలించమని నలుగురం అడిగినట్టు, ‘మార్పు లేదు’ అని బదులిచ్చినట్టు అందులో ఉంది. హాజరైన వారి సంతకాల్లో ఆ సలహాదారుదీ ఉంది.