క్రిస్మస్‌కు ఇంటికి రావాలంటే: టికెట్ లెక్క గడప దాకా

ప్రశ్న: మాది బొబ్బిలి. నేను, నా భర్త నాలుగేళ్లుగా ఇంగ్లండులోని లీడ్స్‌లో ఉంటున్నాము. నేను అక్కడి ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్నాను. మాకు ఏడేళ్ల పాప, ఈ డిసెంబరు 29న రెండేళ్లు నిండే బాబు ఉన్నారు. క్రిస్మస్‌కు అమ్మానాన్నల దగ్గర ఉండాలని మా కోరిక. మాంచెస్టర్ నుంచి విశాఖపట్నానికి డిసెంబరు 20న బయలుదేరి జనవరి 4న తిరిగి చేరేలా టికెట్లు చూస్తే, నలుగురికీ కలిపి మేము ఏడాదిగా కూడబెట్టినది చాలేలా లేదు. రాత్రిపూట వెతికితే ధర తగ్గుతుందనీ, ఒకే ఫోనులో పదేపదే చూస్తే పెరుగుతుందనీ తోటివారు అంటున్నారు. హైదరాబాదు వరకు ఒక టికెట్, అక్కడి నుంచి విశాఖకు వేరే టికెట్ కొంటే చవక అని మా మరిది సలహా. ఏది నమ్మాలి?
— ఒక పాఠకురాలు, లీడ్స్

జవాబు: అమ్మా, మీరు ఎంచుకున్న రెండు తేదీలూ ఏడాది మొత్తంలో అత్యంత ఖరీదైన రోజుల్లోకే వస్తాయి. డిసెంబరు మూడో వారంలో అక్కడ బడులు మూసిన మరునాటి నుంచి ఇటువైపు, జనవరి 2 నుంచి 5 వరకు అటువైపు విమానాలన్నీ నిండిపోతాయి. కనుక ఏ వెబ్‌సైటులో వెతకాలన్నది రెండో ప్రశ్న. ముందుగా తేలవలసింది ఏ రోజున ప్రయాణం చేయగలరన్నది.

మన ప్రాంతంలో క్రిస్మస్ ఒక్క రోజు పండుగ కాదని మీకు నేను చెప్పనక్కర లేదు. డిసెంబరు మొదటి వారం నుంచే సెమీ క్రిస్మస్ ఆరాధనలు మొదలవుతాయి, వీధుల్లో పాటల బృందాలు తిరుగుతాయి, ఆ సందడి 31 అర్ధరాత్రి ఆరాధన దాకా సాగుతుంది. పిల్లల బడి అడ్డం లేనివారు డిసెంబరు 8, 10 తేదీల్లో వచ్చి, క్రిస్మస్ చూసుకుని 27, 28 తేదీల్లో వెళ్లిపోతే రెండు వైపులా రద్దీని తప్పించుకోగలరు. మీ విషయంలో ఏడేళ్ల పాప బడి ఉన్నది. అనుమతి లేకుండా బడి రోజుల్లో ఐదు రోజులు మానిపిస్తే ఇంగ్లండులో తల్లికీ తండ్రికీ విడివిడిగా జరిమానా పడుతుంది. 2024 ఆగస్టు నుంచి అది 21 రోజుల్లోగా కడితే ఒక్కొక్కరికి 80 పౌండ్లు, ఆ గడువు దాటితే 160 పౌండ్లు. జరిమానా కట్టినా లాభమేనని లెక్క వేసుకునే తల్లిదండ్రులు ఉన్నారు గానీ ఆ సలహా నేను ఇవ్వను. మీకు మిగిలినది ఒక్కటే: వచ్చేటప్పుడు ఖర్చును ఒప్పుకుని, తిరుగు ప్రయాణంలో ఆదా చేయడం. డిసెంబరు 31న గానీ జనవరి 1న గానీ ఇక్కడ విమానం ఎక్కడానికి ఎవరూ ఇష్టపడరు కాబట్టి 3, 4 తేదీల కన్నా ఆ రోజుల్లో ధర సాధారణంగా తక్కువగా ఉంటుంది. 31 రాత్రి ఆరాధన ముగించుకుని 1న బయలుదేరితే మీ అమ్మగారు కూడా ఏమీ అనరు.

ఇక ఫోను సంగతి. మీరు పదిసార్లు చూసినందుకు ధర పెరగదు, రాత్రి పన్నెండింటికి చూసినందుకు తగ్గదు. ఒకే విమానంలోని ఎకానమీ సీట్లను విమాన సంస్థ పలు ధరల వరుసలుగా విడగొట్టి అమ్ముతుంది. చవక వరుస అయిపోగానే తరువాతి వరుస తెరుచుకుంటుంది. మీరు మధ్యాహ్నం చూసిన ధర సాయంత్రానికి మారిందంటే ఆ మధ్యలో ఎవరో కొనుక్కున్నారనో, సంస్థ వరుసలను సర్దిందనో అర్థం. ఇందులో మీలాంటి కుటుంబాలకు పనికివచ్చే కిటుకు ఒకటి ఉన్నది. చవక వరుసలో రెండే సీట్లు మిగిలి ఉన్నప్పుడు మీరు మూడు సీట్లకు (వచ్చేటప్పుడు బాబు ఒడిలోనే కనుక) కలిపి వెతికితే, మూడింటికీ పై వరుస ధరే చూపిస్తుంది. అందుకని ముందు ఒక సీటుకు, తరువాత రెండింటికి, ఆ పైన మూడింటికి వెతికి చూడండి. ఒక్కో సీటు ధరలో తేడా కనబడితే రెండు బుకింగులుగా కొనవచ్చు. కానీ పాపను ఒంటరిగా ఒక బుకింగులో పెట్టకూడదు, ప్రతి పిల్లా ఒక పెద్దతో ఉండాలి. కొన్న తరువాత రెండు పీఎన్ఆర్ (బుకింగు) నంబర్లనూ ఒకదానితో ఒకటి ముడిపెట్టమని విమాన సంస్థకు చెప్పి ఉంచండి.

బాబు పుట్టిన రోజును గమనించారా? రెండేళ్ల లోపు పిల్లలకు ఒడిలో కూర్చోబెట్టుకునేలా పెద్దల ధరలో సుమారు పదో వంతుకు టికెట్ ఇస్తారు. వయసు లెక్క కట్టేది కొన్న రోజున కాదు, ప్రయాణించే రోజున. వచ్చేటప్పుడు ఒడిలో వచ్చే మీ బాబుకు జనవరి 1న తిరిగి వెళ్లేటప్పుడు సొంత సీటు, పిల్లల టికెట్ కావాలి. ఇది ముందే చెప్పకుండా కొంటే తిరుగు ప్రయాణం రోజున కౌంటరు దగ్గర ఆ నాటి ధరకు సీటు కొనవలసి వస్తుంది, ఆ సమయానికి సీటే లేకపోవచ్చు కూడా. మరో చిన్న ఊరట: బ్రిటన్ నుంచి బయలుదేరే విమానాలపై అక్కడి ప్రభుత్వం వేసే ప్రయాణ పన్ను మన దేశం దూరానికి పెద్దవారికి 100 పౌండ్ల దరిదాపుల్లో ఉంటుంది గానీ, ఎకానమీలో ప్రయాణించే 16 ఏళ్ల లోపు పిల్లలకు ఉండదు. ధర వివరాలలో పాప పేరు మీద ఆ పన్ను పడలేదని చూసుకోండి.

మరిది గారి సలహా దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే చాలామంది నష్టపోయేది అక్కడే. మాంచెస్టర్ నుంచి దుబాయ్, దోహా, అబుదాబి మీదుగా హైదరాబాదుకు మంచి విమానాలు ఉన్నాయి. అక్కడి నుంచి విశాఖకు విడిగా టికెట్ తీసుకుంటే పైకి చవకగానే కనిపిస్తుంది. కానీ అవి రెండు వేర్వేరు ఒప్పందాలు. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే, రెండో సంస్థ దృష్టిలో మీరు రాని ప్రయాణికులు. అదే మొత్తం ప్రయాణం ఒకే టికెట్ మీద ఉంటే తరువాతి విమానంలో చోటు చూపించవలసిన బాధ్యత వారిది.

రెండోది లగేజీ. విదేశీ విమానంలో మనిషికి 30 కిలోలు అనుమతించారని నింపుకుని వస్తారు. విడిగా కొన్న దేశీయ టికెట్‌కు సాధారణంగా 15 కిలోలే అనుమతి, ఆ పైన ప్రతి కిలోకూ రుసుము. కొన్నేళ్ల కిందట ఈ శీర్షిక రాసేవాడే శంషాబాదులో ఆ కౌంటరు ముందు నేల మీద పెట్టె తెరిచి కూర్చున్నాడు. వదినకు తెచ్చిన కుక్కరు ఒక చేతిలో, చాక్లెట్ల సంచి మరో చేతిలో పెట్టుకుని, ఉక్కపోతలో ఒకదాని మీద ఒకటి రెండు స్వెట్టర్లు తొడుక్కున్నాడు. అయినా ఏడు కిలోలకు డబ్బు కట్టాడు. విడి టికెట్‌లో మిగిలిందనుకున్న సొమ్ములో సగం పైగా ఆ రసీదులోనే పోయింది. ఒకే టికెట్ అయితే దేశీయ విమానంలోనూ విదేశీ ప్రయాణానికి ఇచ్చిన బరువే చెల్లుతుంది. ఏ టికెట్ అయినా సరే, మన దేశంలో దిగిన మొదటి విమానాశ్రయంలోనే ఇమిగ్రేషన్ ముగించుకుని, పెట్టెలు తీసుకుని, కస్టమ్స్ దాటి మళ్లీ అప్పగించాలి. పిల్లలతో ఆ పనికి కనీసం మూడు గంటలు విడిచి పెట్టండి.

ఢిల్లీ మీదుగా వచ్చే టికెట్ కొద్దిగా చవకగా కనబడినా డిసెంబరు, జనవరి నెలల్లో నేను తీసుకోను. అక్కడి పొగమంచుకు తెల్లవారుజాము విమానాలు గంటల తరబడి ఆగిపోతాయి. హైదరాబాదు, బెంగళూరు, చెన్నై మేలు.

విమానం హైదరాబాదు వరకే కొనదలిస్తే, అక్కడి నుంచి రైలు గురించి కూడా ఆలోచించండి. ఫలక్‌నుమా, విశాఖ ఎక్స్‌ప్రెస్‌ల వంటివి ఒక రాత్రిలో విజయనగరం చేరుస్తాయి, అక్కడి నుంచి బొబ్బిలికి బస్సు ఉండనే ఉన్నది. రైల్లో మీ పెట్టెలను సాధారణంగా ఎవరూ తూకం వేయరు. అయితే 2024 నవంబరు 1 నుంచి రైలు రిజర్వేషన్ 120 రోజులకు బదులు 60 రోజుల ముందే తెరుస్తున్నారు. డిసెంబరు 22 ప్రయాణానికి అక్టోబరు 23 ఉదయం 8 గంటలకు మీ తమ్ముడో మరిదో ఇక్కడ ఫోను పట్టుకుని కూర్చోవాలి. ఇప్పుడు కొన్ని రైళ్లు సికింద్రాబాదు నుంచి కాక చర్లపల్లి నుంచి బయలుదేరుతున్నాయి కనుక టికెట్ మీద స్టేషను పేరు చదువుకోండి. శంషాబాదు నుంచి చర్లపల్లి దూరమే.

కనుక విశాఖ వరకు ఒకే టికెట్ ధర ఒక కాగితం మీద రాయండి. పక్కనే విడి టికెట్ల ధర, అదనపు లగేజీ, హైదరాబాదులో ఒక రాత్రి బస, స్టేషనుకు బండి, బొబ్బిలి గడప దాకా అయ్యే ప్రతి రూపాయీ రాయండి. సెలవు మంజూరైన రోజునే కొనండి. విమాన సంస్థలు సుమారు 11 నెలల ముందు నుంచే సీట్లు అమ్ముతాయి గనుక, డిసెంబరు టికెట్ కోసం నవంబరు దాకా ఆగినవారికి చవక వరుసలు మిగలడం అరుదు.

ప్రశ్న: మాది టెక్కలి దగ్గర పల్లె. మా అబ్బాయి కువైట్‌లో ఒక కంపెనీలో వెల్డరు. క్రిస్మస్‌కు ఇంటికి రమ్మంటే, అక్కడి ఏజెంటు ఒకరు తక్కువ ధరకు టికెట్ ఇప్పిస్తానన్నాడట, అయితే రద్దు చేస్తే డబ్బు తిరిగి రాదట. డబ్బు కట్టమనవచ్చునా? విశాఖలో దిగితే కారు మాట్లాడుకుని వెళ్దామనుకుంటున్నాము.
— ఒక తండ్రి, టెక్కలి మండలం

జవాబు: అయ్యా, డబ్బు కట్టే ముందు అబ్బాయి కంపెనీ అనుమతి తెచ్చుకోవాలి. 2025 జూలై 1 నుంచి కువైట్‌లో ప్రైవేటు కంపెనీల్లో పనిచేసే విదేశీ కార్మికులు దేశం దాటాలంటే యజమాని ఆమోదించిన ఎగ్జిట్ పర్మిట్ తప్పనిసరి. చేతిలో టికెట్ ఉండి, పర్మిట్ లేకపోతే విమానాశ్రయం నుంచి వెనక్కి రావలసిందే, డబ్బు తిరిగి రాని టికెట్ అయితే ఆ సొమ్ము పోయినట్టే. పర్మిట్ ఖాయమయ్యాకే కొనమనండి.

ఏజెంటు కాగితం చేతికి రాగానే అందులోని పీఎన్ఆర్ నంబరు, ఇంటిపేరు విమాన సంస్థ సొంత వెబ్‌సైటులో కొట్టి చూడాలి. అక్కడ టికెట్ నంబరుతో సహా కనబడితేనే అది టికెట్. కేవలం బుకింగ్ అని చూపిస్తే సీటు పట్టి ఉంచాడే గానీ డబ్బు కట్టలేదని అర్థం. టికెట్ విశాఖ వరకు ఒకటే అయితే, హైదరాబాదులో బావమరిది కారు తెచ్చాడని అక్కడే దిగిపోవద్దని అబ్బాయికి గట్టిగా చెప్పండి. వచ్చేటప్పుడు చివరి విమానం ఎక్కకపోతే తిరుగు ప్రయాణం మొత్తం రద్దు చేసే హక్కు సంస్థకు ఉంటుంది. నిరుడు ఒక పాఠకుడు ఇలాగే దిగిపోయి, వెళ్లేటప్పుడు కొత్త టికెట్ కొనుక్కున్నాడు.

కారు మాట్లాడే ముందు టికెట్ మీద విమానాశ్రయం పేరు చూడండి. విశాఖ నగరంలోని పాత విమానాశ్రయం వేరు, విజయనగరం జిల్లా భోగాపురంలో కట్టిన అల్లూరి సీతారామరాజు విమానాశ్రయం వేరు. మీ వైపు నుంచి వచ్చేవారికి జాతీయ రహదారి మీద భోగాపురమే ముందు తగులుతుంది.

ప్రశ్న: మా అమ్మాయి పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉన్నది. టికెట్ కొన్నప్పుడు ఇంటిపేరు బదులు ఒక్క అక్షరమే పెట్టాము. ఇబ్బంది అవుతుందా?
— శ్రీకాకుళం

జవాబు: అవుతుంది. టికెట్ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి, పొడి అక్షరాలు పనికిరావు. విమాన సంస్థ వెబ్‌సైటులోనే నేరుగా కొని ఉంటే, కొన్న 24 గంటల్లోగా చెప్పిన పేరు పొరపాటును మన దేశపు సంస్థలు రుసుము లేకుండా సరిచేయాలని మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన ఉన్నది. ఆ గడువు దాటినా, ఏజెంటు ద్వారా కొన్నా వెంటనే ఫోను చేయండి. కొద్దిపాటి రుసుముతో ఇప్పుడు సరయ్యేది, ప్రయాణం రోజున కౌంటరు దగ్గర కొత్త టికెట్ ధరకు చేరుతుంది.