పదో తరగతి బీజగణితంలో సాంఖ్యక శాస్త్రం కలిపి చెప్పాలంటే సర్వేలు చేయించాల్సిందేనా?

అక్కర్లేదండీ. "మీ ఇంట్లో ఎంతమంది, ఎన్ని ఫోన్లు" అని రాయించుకొచ్చి కమ్మీ చిత్రం గీయిస్తే పీరియడ్ గడిచిపోతుంది, బీజగణితం అందులో ఎక్కడా తగలదు. అసలు చిక్కు పుస్తకంలో లెక్కలది. పెన్నులు, పెన్సిళ్ల ధరలంటూ రెండు సమీకరణాలిస్తారు, జవాబు చక్కగా కుదురుతుంది. చేత్తో కొలిచినవి అలా కుదరవు. మధ్యగతం (విలువల్ని క్రమంలో రాస్తే సరిగ్గా మధ్యలో వచ్చేది) అవసరం అక్కడే పుడుతుంది. దాన్ని ఏడాది చివరికి నెట్టి, ఓజివ్ (సంచిత పౌనఃపున్య) వక్రం గీయించి వదిలేయడం అన్యాయం.

ప్రార్థన లైన్‌లోనే చేయించగలిగేది ఒకటుంది. పిల్లలు ఒకరి వెనక ఒకరు నిలబడాలి. వెనక ఉన్న ఒకరు ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కుతూనే చివరివారి భుజం తడతారు. తట్టు అందగానే ముందువారిని తట్టాలి. అందరికన్నా ముందున్నవారు చెయ్యెత్తగానే వాచీ ఆపాలి. 5, 10, 15, 20, 25, 30 మందితో మూడేసిసార్లు చేసి, మూడింట్లో మధ్య విలువ రాసుకోవాలి.

5 నుంచి 30 దాకా వరుసగా వెళ్లొద్దు. ఆడేకొద్దీ పిల్లలు చురుకవుతారు, పెద్ద వరుసల సమయం తగ్గి వాలు (ఒక్కో మనిషికీ పెరిగే సమయం) తక్కువొస్తుంది. ఏ సంఖ్య ఎప్పుడో, ఎవరు నిలబడాలో చీటీలు తీయండి. ఫోన్ సెకనులో నూరోవంతు చూపినా ఒక్క దశాంశ స్థానం చాలు, వేలు చేసే ఆలస్యమే అంతకన్నా ఎక్కువ.

లెక్క కోసం సమయాలు 1.9, 3.1, 4.6, 5.7, 7.3, 8.4 సెకన్లు అనుకుందాం. n వరుసలో మంది, t సెకన్లు, m వాలు, c అంటే n సున్నా అయినా మిగిలే సమయం. t = mn + c లో మొదటి రెండు బిందువులు పెడితే 5m + c = 1.9, 10m + c = 3.1, కాబట్టి m = 0.24. 20, 25 తీసుకున్నవారికి 0.32. 25, 30 తీసుకున్నవారికి 0.22. ఎవరి సాధనలోనూ తప్పు లేదు! ఆరు బిందువులకు 15 జతలు. వాటిని గుంపులకు పంచి, వచ్చిన 15 వాలుల్ని ఆరోహణ క్రమంలో రాయిస్తే ఎనిమిదోది 0.265. అదే మధ్యగతం, అదే మన m. ఇది ఆషామాషీ పద్ధతి కాదు, 1950లో థీల్, 1968లో ప్రణబ్ కుమార్ సేన్ రాసిన పత్రాల నుంచి వచ్చింది, థీల్–సేన్ అంటారు.

సగటు ఎందుకు కాదని పిల్లలు అడుగుతారు, అడగాలి కూడా. 8.4ని పొరపాటున 4.8గా రాయించి మళ్లీ చేయించండి. వాలుల సగటు 0.263 నుంచి 0.154కి పడిపోతుంది. మధ్యగతం 0.253 దగ్గరే నిలబడుతుంది. నిర్వచనం వందసార్లు వల్లెవేయించినా ఈ తేడా బుర్రకెక్కదు.

ఇక c. ప్రతి బిందువుకీ t − 0.265n కట్టి మధ్యగతం తీస్తే సుమారు 0.51. వరుసలో ఎవరూ లేకపోయినా అర సెకనా? వాచీ ఆపడంలో జరిగే ఆలస్యం అందులో ఉంది. మొదట తట్టినవారిని కూడా n లో కలిపితే వాలు మారదు, c మాత్రం 0.265 తగ్గుతుంది.

n = 40 అయితే 11.1 సెకన్లు. ఆ అంకె ముందే బోర్డు మీద రాసి, తర్వాత 40 మందిని నిలబెట్టండి. రెండు సెకన్లు తేడా వస్తే సమీకరణాన్ని అనుమానించే ముందు వరుసలో ఎడం చూడండి, చెయ్యందక ఎవరో అడుగు ముందుకేసి తడుతూ ఉండొచ్చు.