హేజీ బీరు కెగ్‌లో తేటపడకుండా ఉండాలంటే ఊపాలా?

ఇంట్లో కాచిన హేజీ ఐపీఏ (మబ్బుగా ఉండే, హాప్స్ అనే పూల పరిమళం ఎక్కువున్న బీరు) కెగ్ అనే లోహపు పీపాలో పోసిన మూడు వారాలకే తేటపడుతున్నదని, మబ్బు నిలవడానికి కెగ్‌ను రోజూ ఊపాలా అని మీరు అడిగారు. దయచేసి ఊపకండి, దానివల్ల లేచేది అడుగున పడ్డ మడ్డి మాత్రమే.

మబ్బుకూ మడ్డికీ ఉన్న ఈ తేడా నాకు తెలిసింది నర్సంపేట దగ్గర మా ఊరి ఈతవనంలో. టెక్సాస్‌లో ఉన్న ఆరేళ్లూ నేను ఇంట్లో బీరు కాచుకునేవాణ్ణి; అక్కడ అందుకు చట్టం ఒప్పుకుంటుంది, మన దగ్గర లైసెన్సు లేకుండా కాయకూడదు. ఒక సంక్రాంతికి ఊరికి వచ్చే ముందు 19 లీటర్ల కెగ్ ఒకటి పాడైంది. మొదటి నాలుగు గ్లాసులు బురదలా, తర్వాతవన్నీ తేటగా వచ్చాయి. ఆ దిగులు పెద్దబాపుతో చెప్పుకున్నాను. ముప్పై ఏళ్లు చెట్లెక్కిన ఆయన, పొద్దున దించి పక్కన పెట్టిన లొట్టిని కదపకుండా వంచి, పైకల్లు ఒక గ్లాసులో, అడుగుకల్లు ఇంకో గ్లాసులో పోసి నా ముందు పెట్టాడు. పైది పాలలా తెల్లగా ఉంది; అడుగుది చిక్కగా, నాలుకకు పట్టేలా ఉంది.

"తెలుపు పైదాంట్ల గూడ ఉన్నది గద బిడ్డా. మడ్డి కలిపి తెల్లగ జేస్తె కల్లు మంచిగైతదా?" అన్నాడు.

చెట్టు నుంచి కారే తాజా నీరా తేటగానే ఉంటుంది. అందులో ఈస్టు, బ్యాక్టీరియా పెరిగేకొద్దీ తెల్లబడుతుంది, పులుస్తున్నంతసేపు పుట్టే గ్యాసు వాటిని పైకి లేపుతూ ఉంటుంది. పులవడం ముగిసి చలిలో కదలకుండా ఉన్న కెగ్‌లో ఈస్టును లేపేదేమీ లేదు కనుక, ఈస్టు వల్ల వచ్చిన మబ్బు దిగిపోక తప్పదు. నిలిచే మబ్బు మాత్రం ఓట్స్, గోధుమల ప్రోటీన్లు హాప్స్‌లోని పాలీఫెనాల్స్ అనే పదార్థాలతో కలవడం వల్ల ఏర్పడుతుంది. అందుకే నేను ధాన్యంలో 25 శాతం దాకా ఓట్స్, గోధుమలు వేసి, బీరు ఇంకా పులుస్తుండగానే హాప్స్ కొంత వేసేవాణ్ణి. బీరును తేటపరిచే ఐరిష్ మాస్‌ను, జెలటిన్‌ను దగ్గరికి రానిచ్చేవాణ్ణి కాదు. లండన్ ఏల్ 3 అనే రకం ఈస్టు వాడితే, ఈస్టు అడుగుకు దిగిన తర్వాత కూడా బీరు మబ్బుగానే ఉండేది. నా మాటకు అంతకంటే రుజువు అక్కరలేదు.

మబ్బు కోసం మైదా కలపమని సలహా ఇచ్చేవాళ్లను చూస్తే నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే పిండి కూడా చివరకు దిగేదే. మన దగ్గర క్లోరల్ హైడ్రేట్ అనే మత్తు రసాయనం కలిపిన కల్తీ కల్లు కూడా తెల్లగానే ఉంటుంది. రంగును చూసి సరుకును నమ్మే అలవాటు ఎక్కడైనా చెరుపే చేస్తుంది.

ఈస్టును చల్లదనంలో బాగా దిగనిచ్చిన తర్వాతే, కార్బన్ డయాక్సైడ్‌తో గాలిని వెళ్లగొట్టిన కెగ్‌లోకి బీరు ఎక్కించండి. కెగ్ లోపల బీరును లాగే గొట్టం, అంటే మామూలు డిప్ ట్యూబ్, అడుగు నుంచి లాగుతుంది కాబట్టి మడ్డి ముందు వస్తుంది. పైన తేలే గొట్టం బిగిస్తే ఆ బాధ తగ్గుతుంది. ఎంత జాగ్రత్తగా కాచినా ఆ ప్రోటీన్ల మబ్బు కూడా నెలలు గడిచేకొద్దీ గడ్డకట్టి దిగుతుంది కనుక, నెలన్నరలోపు తాగేయండి.

ఇప్పుడున్న కెగ్ నుంచి మాత్రం ఒక గ్లాసు పోసి వాసన చూడండి. హాప్స్ పరిమళం ఇంకా ఉంటే తేటగానే తాగండి. రంగు గోధుమవర్ణానికి మారి అట్టపెట్టె వాసన వస్తుంటే ఆక్సిజన్ తగిలినట్టే, అది ఊపితే పోయేది కాదు.